గేట్లు చూసి మళ్లిపోవద్దు - నీళ్ల అవతల విజయపురి ఉన్నది

నందికొండ:

కృష్ణకు వరద వచ్చి సాగర్ గేట్లు ఎత్తారన్న కబురు అందితే చాలు, మన జిల్లా ఊళ్ల నుండి ఆటోలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు నందికొండ దారి పడతాయి. 26 గేట్ల మీదుగా తెల్లగా దూకే నీళ్లను చూసి, తుంపర్లలో తడిసి, ఫోన్లలో ఫొటోలు తీసుకుని, వేయించిన చేపలు తిని, పొద్దు గూకేలోగా జనం ఇండ్లకు మళ్లుతారు. చూడవలసిన దృశ్యమే. రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఇదొకటి. అయితే ఆ గేట్ల వెనుక నిలిచిన నీళ్ల కింద ఒక రాజధాని ఉన్నదనీ, దాని రాళ్లను ఎత్తి పెట్టిన కొండ లాంచీలో దాదాపు గంట ప్రయాణమనీ విని కూడా అటు పోనివారు ఎందరో. "పాత రాళ్లేమి చూస్తాం" అనేవారి కోసమే ఈ వ్యాసం. ఆ రాళ్ల మీద మన మేనరికాలు ఉన్నవి, మన మొక్కుబడులు ఉన్నవి, ఒక రాతి పనివాని పేరు కూడా ఉన్నది.

దారి

నల్లగొండ నుండి కనగల్లు, హాలియా మీదుగా నందికొండకు రావచ్చును. కల్వకుర్తి, డిండి వైపు వారు దేవరకొండ, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా వస్తారు. హైదరాబాదు నుండి అయితే సుమారు 150 కిలోమీటర్లు. నందికొండ 2018లో మునిసిపాలిటీ అయింది గాని జనం నోట హిల్ కాలనీ, పైలాన్ కాలనీ అన్న పాత పేర్లే ఉన్నవి. ప్రాజెక్టు కట్టే రోజులలో ఇంజనీర్లకు, కూలీలకు వేసిన కాలనీలివి. ప్రాజెక్టుకు కూడా మొదట ఈ ఊరి పేరే ఉండేది. నందికొండ ప్రాజెక్టు కావాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఎంత పట్టుబట్టి తిరిగారో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ పునాది రాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఆనకట్టకు ఈ ఒడ్డు నల్లగొండ జిల్లా. ఆ ఒడ్డు ఒకప్పటి గుంటూరు జిల్లా, 2022 నుండి పల్నాడు జిల్లా. నాగార్జునకొండ ఆ ఒడ్డు లెక్కలోకి వస్తుంది. లాంచీలు ప్రధానంగా ఆ ఒడ్డున విజయపురి సౌత్ రేవు నుండి పోతాయి. ఆనకట్ట మీదుగా జనాన్ని పోనివ్వరు. దిగువన ఉన్న వంతెన దాటి పోవాలి.

లోయలో ఏమున్నది

నీళ్లు నిండక ముందు ఇక్కడ ఒక లోయ. మూడు వైపులా నల్లమల కొండలు కోట గోడలా నిలిచి, నాలుగో వైపు కృష్ణ కందకంలా పారేది. రాజధానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. శాతవాహనుల తరువాత క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఇక్కడే రాజ్యం స్థాపించారు. ఊరి పేరు విజయపురి. పక్కన కొండ శ్రీపర్వతం. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు మొదటి రాజు. తరువాత ఆయన కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల చాంతమూలుడు, ఆ వెనుక రుద్రపురుషదత్తుడు ఏలారు. నలుగురి ఏలుబడి కలిపి నూరేండ్లు. ఆ నూరేండ్లలోనే కోట, రాజగృహాలు, బజారు, గుళ్లు, ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు ఆ లోయలో వెలిశాయి. తరువాత పల్లవుల ప్రాబల్యం పెరిగింది, విజయపురి పాడుపడింది.

మహాయాన బౌద్ధానికి పెద్ద ఆచార్యుడైన నాగార్జునుడు శ్రీపర్వతం మీద నివసించాడని సంప్రదాయం. కొండకు, సాగరానికి ఆ పేరు అందుకే నిలిచింది.

పదహారు వందల యేండ్లు అడవి కప్పేసిన ఆ ఊరిని తిరిగి కనుగొన్నది ఎవరు? 1926లో సూరపరాజు వేంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఆ మాట పట్టుకుని శాసన శాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. మన పల్లె బడులలో పంతుళ్లు ఇది చదివితే కొంచెం ఛాతీ విరుచుకోవచ్చును. మరుసటి ఏడు నుండి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ దొర తవ్వించాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. ఆనకట్ట ఖాయమయ్యాక అసలు హడావుడి మొదలైంది. నీళ్లు వచ్చేలోగా దొరికినంత వెలికి తీయాలని 1954 నుండి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయలో వందకు పైగా చోట్ల తవ్వారు. దొరికిన వాటిలో ముఖ్యమైన కట్టడాలను రాయి రాయికి గుర్తులు పెట్టి విప్పి, కొండ మీదకు, అనుపుకు చేర్చి తిరిగి పేర్చారు. మరికొన్నింటికి చిన్న నమూనాలు కట్టారు.

ఈజిప్టులో నైలు నది మీద అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుళ్లను కోసి పైకి ఎత్తిన సంగతి లోకమంతా చెప్పుకుంటుంది. ఆ పని జరిగింది 1964 - 68 నడుమ. నందికొండ దగ్గర మన వాళ్లు అంతకు ముందే ఆ పనికి దిగారు.

కొండ మీద

లాంచీ దిగి పైకి నడిస్తే ముందుగా కోట గోడ కనిపిస్తుంది. ఇది ఇక్ష్వాకులది కాదు, చాలా తరువాతి కాలానిది. దాన్ని దాటితే చెట్ల నీడన అక్కడక్కడా ఇటుక దిబ్బలు, రాతి పలకలు, వరుసగా నిలిచిన స్తంభాలు. తొందరపడి చూసేవారికి అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. కాస్త నిలబడి చూడాలి.

మహాచైత్యం వీటిలో పెద్దది. అడుగున అడ్డకొలత 106 అడుగులు. బండి చక్రం ఎట్లా ఉంటుందో దీని లోపలి కట్టడం అట్లా ఉన్నది. నడుమ కుంభం, చుట్టూ ఆకుల మాదిరి ఇటుక గోడలు, బయట పట్టా. ఆ గోడల నడుమ ఖాళీలలో మట్టి నింపి పైన గుమ్మటం లేపారు. అంతా గట్టి ఇటుకతో కట్టవలసిన పని లేకుండా ఇటుక ఆదా అయింది, బరువు గోడలన్నింటి మీదా సమంగా పడింది. మేస్త్రీ పని తెలిసినవారు దీని దగ్గర ఎక్కువసేపు నిలబడటం సహజం. ఇటుకలు కూడా నేటి ఇటుకకు రెట్టింపు పొడవు. నాలుగు దిక్కులా వేదికలు, ఒక్కొక్క వేదిక మీద అయిదు స్తంభాలు. బుద్ధుని పుట్టుక, ఇల్లు విడుచుట, జ్ఞానం పొందుట, మొదటి బోధ, నిర్యాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులు. ఈ చైత్యంలో వెండి భరిణె లోపల బంగారు భరిణె, దానిలో చిన్న ఎముక ముక్క లాంగ్‌హర్స్ట్‌కు దొరికినవి. బుద్ధుని ధాతువుగా ఎంచి దాన్ని కాశీ దగ్గరి సారనాథ్‌లో మూలగంధకుటీ విహారానికి ఇచ్చారు.

విహారం అంటే భిక్షువుల బస. మధ్య స్తంభాల మండపం, మూడు వైపులా చిన్న చిన్న గదులు. మన పాత బండ ఇండ్లలో ధాన్యం గది అంత ఉంటుంది ఒక్కొక్కటి. వానాకాలం మూడు నెలలు ఊరూరా తిరగకుండా భిక్షువులు ఈ గదులలో ఉండి చదువుకునేవారు. విహారం వాకిట ఎదురెదురుగా రెండు చిన్న గుళ్లు ఉండటం కొన్నిచోట్ల చూస్తాము. ఒక దానిలో స్తూపం, ఒక దానిలో బుద్ధ విగ్రహం. విగ్రహం పెట్టవచ్చునా, స్తూపమే చాలునా అన్న తగాదా ఆనాడు సంఘంలో ఉండేది. రెండు పక్షాలకూ ఒకే వాకిట చోటు ఇచ్చి సరిపెట్టినట్టున్నది. సింహళ దేశపు భిక్షువుల విహారం వేరుగా ఉన్నది.

స్నానఘట్టం చూసినప్పుడు మనసు కొంచెం చివుక్కుమంటుంది. పల్నాటి సున్నపురాతి పలకలతో తీర్చిన మెట్లు అవి. కృష్ణ ఒడ్డు నుండి విప్పి తెచ్చి కొండ మీద పేర్చారు. మెట్లు దిగితే చివర నేలే. నీళ్లు కొండ చుట్టూ ఉన్నవి, ఆ మెట్లకు మాత్రం అందవు.

మ్యూజియం 1966లో తెరిచారు. లోపల నిలువెత్తు బుద్ధుడు, జాతక కథలు చెక్కిన పొడవాటి పలకలు, రాతియుగపు పనిముట్లు ఉన్నవి. ఒక శిల్పంలో తలకు టోపీ, ఒంటికి పొడవాటి చొక్కా, చేతిలో బల్లెంతో పరదేశపు సైనికుడు నిలబడి ఉంటాడు. మన ఎండలో ఆ చొక్కాతో ఎట్లా ఉన్నాడో పాపం. లోయలో రోమను బంగారు నాణేలు కూడా దొరికినవి. కృష్ణలో పడవల మీద సరుకు సముద్రం దాకా పోయి అటునుంచి బంగారం వచ్చేదన్న మాట. చనిపోయిన సైనికుల కోసం, పెద్దల కోసం నిలిపిన ఛాయాస్తంభాలు తప్పక చూడవలసినవి. మన ఊరి పొలిమేరల్లో వీరగల్లులు ఉంటాయి కదా, వాటికి ముత్తాతలు ఇవి.

ఎవరి సొమ్ము

ఇంత కట్టడం ఎవరి డబ్బుతో జరిగింది? రాజు డబ్బు అనుకుంటాము. శాసనాలు వేరుగా చెబుతున్నవి. మొదటి రాజు చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. బౌద్ధ విహారాలకు చేతులు చాచి ఇచ్చింది ఆ ఇంటి ఆడవారు.

వారిలో ముందు చెప్పవలసిన పేరు చాంతిసిరి. ఈమె చాంతమూలునికి తోబుట్టువు. వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. రాజుకు ఈమె మేనత్త మాత్రమే కాదు, పిల్లనిచ్చిన అత్త కూడా. వీరపురుషదత్తుడు ఈమె కూతురినే గాక ఇంకొక మేనత్త ఇద్దరు బిడ్డలను కూడా చేసుకున్నాడు. మేనరికం మన దగ్గర ఎప్పటి నుండి ఉన్నదో అడిగేవారికి ఈ రాయి చూపించవచ్చును. రాజులు తమ పేరుకు ముందు తల్లి గోత్రం చెప్పుకోవడం మరొక విశేషం. వాసిష్ఠీపుత్రుడు, మాఠరీపుత్రుడు అంటే ఆ గోత్రపు తల్లుల కొడుకులని అర్థం.

ఉజ్జయిని నుండి వచ్చిన రాణి రుద్రధరభట్టారిక మహాచైత్యం దగ్గర రాతి స్తంభం కోసం 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు రాసి ఉన్నది. రాణి భట్టిదేవి ఒక విహారం కట్టించింది. వీరపురుషదత్తుని బిడ్డ కొడబలిసిరి వనవాసి రాజుకు ఇల్లాలై పోయి కూడా పుట్టింటి ఊళ్లో మరో విహారం కట్టించింది. అత్తగారింటికి పోయినా పుట్టిన ఊళ్లో గుడి సున్నానికి డబ్బు పంపే ఆడబిడ్డలు మన ఊళ్లలో లేరా?

రాజవంశంతో సంబంధం లేని గృహిణి బోధిసిరి మాట విశేషంగా చెప్పుకోవాలి. గోవగామం అనే ఊళ్లో కాపురం. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి సింహళ భిక్షువులకు ఇచ్చింది. ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళ, తామ్రపర్ణి అంటూ దేశాల పేర్లు వరుసగా వస్తాయి. ఆ దేశాలలో ధర్మం చాటిన ఆచార్యుల సంఘం అని ఆ భిక్షువుల గొప్ప చెబుతూ రాసిన మాటలవి. నేటి నందికొండ బస్టాండులో అన్ని దేశాల పేర్లు వినబడవు. తరువాత ఆమె ఈ పుణ్యం తన తల్లికి, తండ్రికి, అత్తింటి వారికి, అన్నదమ్ములకు, బిడ్డలకు అందరికీ చెందాలని ఒక్కొక్కరి పేరు చెప్పి రాయించింది. పని చేయించిన ముగ్గురు భిక్షువుల పేర్లు పెట్టింది. చివర శైలవర్ధకి, అంటే రాతి పనివాడు, విధికుడు చేసిన పని ఇది అని ముగుస్తుంది. రాజుల పేర్లు చాలా చోట్ల దొరుకుతాయి. రాళ్లు కొట్టిన మనిషి పేరు రాతి మీద ఉండటం అరుదు.

తమలపాకుల వారి శ్రేణి, పిండివంటల వారి శ్రేణి కూడా శాసనాలలో కనిపిస్తాయి. దాతలు ఇచ్చిన పైకం ఈ వృత్తి సంఘాల దగ్గర జమ ఉంచేవారు. అసలు కదలదు, వడ్డీతో గుడి ఖర్చులు నడవాలి. అక్షయనీవి అని దాని పేరు. మన పొదుపు సంఘాల లెక్కలు రాసే అక్కయ్యలకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది.

నీళ్ల కింద ఊళ్లు

లాంచీలో ఈ విలేఖరి పక్కన కూర్చున్న పెద్దామెది దేవరకొండ వైపు. వయసు డెబ్బై దాటింది. మనుమడు తీసుకువచ్చాడు. అందరూ కొండ వైపు చూస్తుంటే ఆమె మాత్రం నీళ్లలోకే చూస్తున్నది. "ఏం చూస్తున్నవు అవ్వా" అని అడిగితే, "మా అమ్మగారి ఊరు ఈ నీళ్లల్లనే ఉన్నది బిడ్డా. నాకప్పుడు పదేండ్లుంటయి. ఎడ్లబండ్ల మీద తలుపులు గూడ ఊడబీక్కొని ఎల్లినం" అన్నది. ఆమె పుట్టిన ఊరు ఏలేశ్వరం.

ఏలేశ్వరం మన ఒడ్డు ఊరు. నది ఇవతల ఏలేశ్వరం, అవతల విజయపురి లోయ. అక్కడ పుల్లారెడ్డిగూడెం అనే పల్లె ఉండేది. రెండూ మునిగిపోయినవి. ఏలేశ్వరంలో కూడా నీళ్లు రాక ముందు రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ గారు తవ్వకాలు జరిపారు. మన రాక్షసగుళ్ల కాలం నుండి ఇక్ష్వాకుల కాలం, ఆ తరువాతి గుళ్ల కాలం దాకా మనుషులు అక్కడ విడవకుండా నివసించిన గుర్తులు బయటపడ్డవి. "మా ఊరి రాళ్లు గూడ ఈ కొండ మీద పెట్టిన్రా" అని ఆమె అడిగింది. కొండ మీద ఉన్నవి అవతలి లోయవని, ఏలేశ్వరం తవ్వకం వేరని చెబితే, "అయితే మాయి ఈడ లెవ్వు" అని మళ్లీ నీళ్లలోకి చూడసాగింది.

ఈ మాట ఎందుకు రాయవలసి వచ్చిందంటే, పదిహేడు వందల యేండ్ల నాడు స్తంభం ఇచ్చినవారి పేరు, వారి అత్తమామల పేరు సైతం రాతి మీద ఉన్నవి. అరవై యేండ్ల నాడు ఇల్లు, పొలం ఇచ్చిన ఊళ్ల పేర్లు కొండ మీద గాని, రేవు దగ్గర గాని ఏ పెద్ద బోర్డు మీదా ఈ విలేఖరి కంట పడలేదు. వాళ్లిచ్చిన దానితోనే ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలు పచ్చగా ఉన్నవి. అదే ఒడ్డున ఎత్తున ఉన్న దేవరకొండ పల్లెలకు ఆ కాలువ నీళ్లు ఎక్కలేదు. కండ్ల ముందు సముద్రమంత నీరు, బావిలో ఫ్లోరైడు నీరు. పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోసే పథకం వచ్చాకే ఆ మెట్ట ప్రాంతానికి కొంత ఊరట కలిగింది. హైదరాబాదు నగరం తాగే కృష్ణ నీళ్లు కూడా అక్కడి నుండే పోతున్నవి.

ఒక రాతి పలక మీద మునిగిన ఊళ్ల పేర్లన్నీ తెలుగులో చెక్కించి రేవు దగ్గర నిలపడం పెద్ద ఖర్చు పని కాదు. రెండు ఒడ్ల పంచాయతీలు తలచుకుంటే చాలు.

అనుపు, నది ఒడ్డు నడక

లాంచీ దొరకని రోజున కూడా నిరాశపడనక్కర లేదు. విజయపురి సౌత్ నుండి కొద్ది కిలోమీటర్ల దూరంలో అనుపు ఉన్నది. రోడ్డు మీదనే పోవచ్చును. లోయ నుండి తెచ్చిన విహారాలు, హారీతి గుడి, రంగస్థలం ఇక్కడ పేర్చారు. హారీతి పిల్లలను కాచే తల్లి. బిడ్డలు లేనివారు, బిడ్డలకు జబ్బు చేసినవారు ఆనాడు ఆమెకు మొక్కేవారు. మన పోచమ్మ దగ్గరకు పోయినట్టే.

రంగస్థలం చూడముచ్చటైనది. నడుమ నలుచదరపు నేల, చుట్టూ మెట్ల వరుసలు. కుస్తీలు జరిగినవా, నాటకాలు ఆడినారా అని పండితులు ఇప్పటికీ వాదులాడుకుంటారు. నడుమ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీద కూర్చున్నవారికి స్పష్టంగా వినిపిస్తుంది. పిల్లలను తీసుకుపోతే ఇక్కడి నుండి కదిలించడం కష్టం. యక్షగానం మేళాల వారిని ఒకసారి ఇక్కడికి పిలిచి ఆడిస్తే బాగుండును.

అనుపు దగ్గర జలాశయం ఒడ్డున నడవటం తీరికైన పని. పొద్దుటి పూట గాలి చల్లగా ఉంటుంది. నీటి మీద కొండల నీడ, దూరంగా జాలర్ల పుట్టీలు, తీగెల మీద నీటికాకులు. సాయంత్రం పూట వెలుగు నీళ్ల మీద పడి ఎర్రబారుతుంది. నీరు తగ్గిన ఎండాకాలంలో ఒడ్డు బురద పగిలి పలకలుగా లేస్తుంది, అప్పుడు మరీ అంచుకు పోకూడదు. నీళ్లలో మొసళ్లు ఉన్నవి, లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది. ఈతకు దిగవద్దు. మన ఒడ్డున స్నానం చేయాలనుకునేవారు శివాలయం దగ్గరి పుష్కర ఘాటుకు పోవడం మంచిది, అక్కడ కూడా మెట్లు విడిచి లోపలికి పోరాదు.

తీరిక ఉంటే ఎత్తిపోతల చూసి రావచ్చును. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుండి దూకుతుంది. వానలు పడినప్పుడే అందం.

మన ఒడ్డున బుద్ధవనం

2022 మే 14న నందికొండలో బుద్ధవనం తెరిచారు. 274 ఎకరాలు. అమరావతి స్తూపం నమూనాగా కట్టిన మహాస్తూపం ఎత్తు 21 మీటర్లు. బుద్ధుని జీవితం చెప్పే వనం ఒకటి, నలభై జాతక కథల శిల్పాలతో ఒక వనం, దేశ విదేశాల స్తూపాలకు నమూనాలతో ఒక వనం, శ్రీలంకలోని అవుకన బుద్ధుని పోలిన 27 అడుగుల విగ్రహంతో ధ్యానవనం ఉన్నవి. శుభ్రంగా ఉన్నది, పిల్లలకు కథలు చెబుతూ తిప్పడానికి వీలుగా ఉన్నది. కాని ఇది కొత్త రాయి. ఈ కథలు మొదట చెక్కిన పాత రాయి నీళ్ల అవతల ఉన్నదని తెలిసి చూడటం వేరు. ముందు కొండకు పోయి, తరువాత బుద్ధవనానికి రావాలని ఈ విలేఖరి సలహా. అటువంటి పాత రాళ్లు కావాలంటే సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట కూడా ఉన్నది. అక్కడ ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం దొరికింది. విజయపురి రాజుల మాట అంత దూరం చెల్లిందన్న మాట.

పోయేవారికి

మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ సంగతి తెలియక శుక్రవారం పూట బస్సు మాట్లాడుకుని వచ్చి తిరిగిపోయే బడిపిల్లల గుంపులు ఉన్నవి. లాంచీలు నీటి మట్టాన్ని బట్టి, గాలిని బట్టి, వచ్చిన జనాన్ని బట్టి నడుస్తాయి. ముందురోజే విచారించుకుని పొద్దున్నే రేవుకు చేరాలి. కొండ మీద లాంచీ వారు ఎంతసేపు ఆగుతారో టిక్కెట్టు కొనేటప్పుడే అడగాలి. గంట సమయం చాలదు. మ్యూజియం ఒక్కదానికే గంట పడుతుంది. గంటే ఇస్తే మహాచైత్యం, స్నానఘట్టం, మ్యూజియం ఈ మూడే చూడండి, మిగతావి మరోసారి.

లాంచీలో రక్షణ జాకెట్టు ఇస్తారు. "మాకు ఈత వచ్చు" అని పక్కన పెట్టకుండా తొడుక్కోవాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎందరు పోయారో మరచిపోలేదు కదా. కొండ మీద తినడానికి పెద్దగా ఏమీ దొరకదని అనుకుని సద్ది కట్టుకు పోవడం మేలు, తిన్న కాగితాలు, సీసాలు తిరిగి తెచ్చుకోవాలి. స్తంభాల మీద బొగ్గుతో, మేకుతో పేర్లు రాసే పిల్లలను పెద్దవారే అదుపు చేయాలి. స్తూపాల పైకి ఎక్కి ఫొటోలు దిగడం కూడా ఇటీవల కనిపిస్తున్నది.

మునిగిన ఏలేశ్వరం వారికి ఊరు లేదు గాని దేవుడున్నాడు. ఊరి పక్కన గుట్ట నీళ్లు వచ్చాక దీవిగా మిగిలింది. దాన్ని మల్లయ్యగట్టు అంటారు. ఏటా మహాశివరాత్రికి దేవరకొండ వైపు జనం నీళ్ల మీదుగా ఆ గట్టుకు చేరి మల్లన్నకు మొక్కి వస్తారు. లాంచీలో కలిసిన పెద్దామె దిగేటప్పుడు మనుమనితో ఆ మాటే చెబుతున్నది. ఈసారి శివరాత్రికి గట్టు మీదికి తీసుకుపొమ్మన్నది.